తీసేసిన పేరు

ఆవిణ్ణి ఆఫీసంతా జూనియర్ అనే పిలుస్తుంది. ఎప్పుడో జూనియర్ అసిస్టెంటుగా చేరిందిలెండి. ఆ తర్వాత ప్రమోషనొచ్చింది, చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి, కళ్ళజోడు కూడా వచ్చింది, పేరు మాత్రం మారలేదు. నిన్నగాక మొన్న చేరిన కుర్రకారు కూడా "జూనియర్ మేడమ్" అంటారు. ఆవిడా పలుకుతుంది. ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు జరక్కుండా చూసే ఆఫీసు అది. చూడ్డమంటే ఏముంది, కాగితాలు చూడ్డమే.

ఆ ఆఫీసుకి ఉన్నట్టుండి పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రమాదకరమైన పనులు జరిగే చోట చుట్టుపక్కల జనాన్ని కూడా ఇకమీదట సర్కారు బృందాల్లో కూర్చోబెట్టుకోవాలట. వాళ్ళని మర్యాదగా పిలవాలట. వాళ్ళు చెప్పేది వినాలట. మాటలన్నీ ఆఫీసు యాప్‌లోనే జరగాలట, బయటివాళ్ళ కంట పడకుండా. పెద్దసారు ఉత్తర్వు చదివి కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఆ పని జూనియర్ నెత్తిన పడిందని అర్థం.

"కోల్డ్ స్టోరేజీ వీధితో మొదలుపెట్టమ్మా. వాళ్ళెలాగూ గ్యాసు వాసన, గ్యాసు వాసన అని వచ్చి నా ప్రాణం తోడేస్తున్నారు. వాళ్ళనే పిలిచి కూర్చోబెట్టు," అన్నారు.

కూర్చోబెట్టడం ఎంతసేపు! యాప్‌లో కొత్త గ్రూపు తెరవడమే గగనం. హెడ్డాఫీసులో కంప్యూటర్ సెక్షన్ వాళ్ళకి రాయాలి, వాళ్ళు ఇంకెవరికో రాస్తారు, ఆ ఇంకెవరో సెలవులో ఉంటారు. అందుకని ఏ ఆఫీసులోనైనా అందరూ చేసే పనే జూనియర్ కూడా చేసింది. పాత గ్రూపొకటి తీసి, అందులో మనుషుల్ని ఖాళీ చేసి, పేరు మార్చింది. అద్దె ఇంటికి సున్నం కొట్టి కొత్తవాళ్ళకి ఇచ్చినట్టన్నమాట. ఆ పాత గ్రూపు ఏమిటంటే, పోయినేడు కోల్డ్ స్టోరేజీల లైసెన్సుల కోసం పెట్టింది. యజమానుల పేర్లన్నీ ఒక్కొక్కటే నొక్కి తీసేసింది. "వీధి భద్రతా బృందం" అని పేరు పెట్టి, హెడ్డాఫీసు వాళ్ళనీ ఇద్దర్ని చేర్చి, పేరు పక్కన కలిసిన రెండు చేతుల బొమ్మ అతికించింది. చూసుకుని మురిసిపోయింది కూడా.

పిలిచిన రోజు వీధివాళ్ళు బిడియంగా వచ్చారు. ముందు లెక్కల మాస్టారు, రిటైరైనా చేతి సంచీ వదలని మనిషి. ఆయన వెనకాల క్లినిక్కు నర్సమ్మ. వాళ్ళ వెనకాల మరికొందరు. అందరికంటే చివర ఇస్త్రీ అక్క. కోల్డ్ స్టోరేజీ గోడ పక్కనే ఆవిడ ఇస్త్రీ బండి. ఆవిడ మొగుడు ఆ గోడ లోపలే మెషిన్ రూములో ఆపరేటరు. అందుకే ఆవిడ రావడానికి జంకింది. అందుకే జూనియర్ ఆవిడ రావాలని పట్టుబట్టింది. లోపలి సంగతి తెలిసినవాళ్ళు లేకపోతే ఈ బృందం దేనికి, చప్పట్లు కొట్టడానికా?

పెద్దసారు కూర్చునే గదిలోంచి మెత్తలున్న కుర్చీలు తెప్పించి వేసింది జూనియర్. ఇస్త్రీ అక్క కుర్చీ అంచు మీద కూర్చుంది. ఇస్త్రీ పెట్టె వేడికి గట్టిపడిన అరచేతుల్లో ఫోను పట్టుకుని, జూనియర్ చెప్పినట్టల్లా నొక్కింది. యాప్ తెరుచుకుంది.

"దీంట్లో నేనేదైనా చెబితే ఎవరెవరు చూస్తారమ్మా?" అని అడిగింది. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఇదిగో, ఇక్కడ నొక్కు. పేర్లొచ్చాయా? ఆ పేర్లున్నవాళ్ళే చూస్తారు. పేరు లేనివాడు తొంగి కూడా చూడలేడు," అంది జూనియర్. ఇంతలో మాస్టారు ఫోను మొరాయించడంతో అటు తిరిగింది.

ఇస్త్రీ అక్క బొటనవేలితో మెల్లగా పేర్లు జరుపుకుంటూ చదివింది. ఒకచోట ఆగింది. తలెత్తి జూనియర్ వంక చూసింది.

"వీళ్ళందర్నీ మీరే పెట్టారా అమ్మా?"

"ఆఁ, నేనే పెట్టాను. ఒక్కొక్కరినీ ఏరి ఏరి పెట్టాను," అంది జూనియర్ మాస్టారి ఫోనులోంచి తల తిప్పకుండానే.

"అయితే మంచిదేనమ్మా," అంది ఇస్త్రీ అక్క. కుర్చీలో కొంచెం వెనక్కి జరిగి కూర్చుంది.

ఆ తర్వాత రెండు రోజులు గ్రూపు కళకళలాడింది. మాస్టారు గాలి ఎటు వీస్తే ఏ ఇళ్ళకి వాసన తగులుతుందో బొమ్మ గీసి పెట్టారు. కళ్ళ మంటలని క్లినిక్కుకి వచ్చిన పిల్లల సంగతి నర్సమ్మ రాసింది. మూడో రోజున ఇస్త్రీ అక్క ఒక ఫొటో పెట్టి, దాని కింద తన గొంతుతో చెప్పింది. ఫొటోలో ఒక లావుపాటి పైపు. పైపు జాయింటుకి రబ్బరు పట్టీ చుట్టి, దాని మీద తడి గోనెసంచీ కట్టి ఉంది.

"మా ఆయన రోజూ గంధకం వత్తి వెలిగించి పైపు చుట్టూ తిప్పుతాడండీ. అమోనియా గ్యాసు కారేచోట తెల్లగా పొగొస్తుంది. ఈ జాయింటు దగ్గర వత్తి పెడితే పొగ గుప్పుమంటుంది. సంచీ తడి ఆరిపోతే గ్యాసు బయటికొచ్చేస్తుందని పూటంతా నీళ్ళు చల్లుతూనే ఉంటాడు. మేనేజరు గారికి చెబితే, లోపలున్న సరుకంతా అమ్ముడుపోనీ, అప్పుడు చూద్దాం అంటాడు. అప్పటిదాకా మా ఆయన ఉంటాడా అండీ?"

జూనియర్ ఆ గొంతు రెండుసార్లు వింది.  ఇన్నేళ్ళలో ఆ ఆఫీసుకి ఒక నిజం తనంతట తాను నడిచి రావడం ఇదే మొదలు. పెద్దసారికి వినిపిస్తే ఆయన కూడా భేష్ అన్నారు. ఎల్లుండి తనిఖీకి వెళ్దామన్నారు.

మర్నాడు మాస్టారు ఫోను చేశారు. బొమ్మలు తానే ఎక్కించుకునేలా ఏదైనా వీలుంటే చూడమన్నారు. దాందేముంది మాస్టారూ అని జూనియర్ కంప్యూటర్లో గ్రూపు తెరిచింది. సభ్యుల పేజీ కాకుండా, తాళంచెవులు చేతిలో ఉన్నవాళ్ళ పేజీ వేరే ఉంటుంది, నిర్వాహకులని. ఎవర్ని పెట్టాలన్నా తీయాలన్నా, గ్రూపులో ఏది మార్చాలన్నా వాళ్ళకే చెల్లుతుంది. మాస్టారి పేరు అందులో చేరుద్దామని ఆ పేజీ తీసింది.

అందులో మూడు పేర్లున్నాయి. ఒకటి పెద్దసారిది. ఒకటి తనది. మూడోది కోల్డ్ స్టోరేజీ మేనేజరుది.

కాసేపు అర్థం కాలేదు. పాత పేజీ ఏదో తెరుచుకుందనుకుంది. మూసి మళ్ళీ తెరిచింది. మేనేజరు పేరు అలాగే ఉంది, పక్కన కోటు వేసుకుని నవ్వుతున్న ఫొటోతో సహా. అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు లైసెన్సు వేళ మేనేజరు రోజుకో కాగితం పట్టుకుని వస్తుంటే పెద్దసారికి విసుగొచ్చింది. "ఆయన కాగితాలు ఆయన్నే ఎక్కించుకోమను, తాళంచెవి ఇచ్చి పారెయ్యి," అన్నారు. ఇచ్చింది తనే. సభ్యుల పేజీ ఊడ్చి శుభ్రం చేసుకుంది గానీ, ఈ పేజీ ఒకటుందని తట్టనే లేదు.

జూనియర్ ఇస్త్రీ అక్క మాటల దగ్గరికి వెళ్ళి, విన్నవాళ్ళెవరో నొక్కి చూసింది. మాస్టారు విన్నారు. నర్సమ్మ వింది. మేనేజరు విన్నాడు.

పై ప్రాణాలు పైనే పోయాయి ఆవిడకి.  పక్క టేబులు మీదున్న నీళ్ళ సీసా అందుకోబోతే సీసా దొర్లి కింద పడింది. "ఏంటి మేడమ్, ఒంట్లో బాగోలేదా?" అని ఎవరో అడిగారు. ఏం లేదని తల ఊపి, గోడ పట్టుకుని పెద్దసారి గదికి నడిచింది.

విషయం విన్నాక ముందు పెద్దసారి మొహంలో రంగు పోయింది. తర్వాత లేచి తలుపు వేశారు. ఆ తలుపు వెయ్యడం జూనియర్ ఎప్పుడూ చూడలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు."

"సార్, ఆవిడ మొగుడు లోపల పనిచేస్తున్నాడు సార్. వాళ్ళు అతన్ని..."

"అందుకే చెప్పొద్దంటున్నాను. చెబితే ఆ మొగుడూ పెళ్ళాలు హడలి చస్తారు. పైగా తాళంచెవి ఇచ్చిందెవరు, ఇమ్మందెవరు అని తీగ లాగుతారు. నా కొంపా మునుగుతుంది, నీ కొంపా మునుగుతుంది." ఆయన కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "తీసెయ్యి. ఇప్పుడే తీసెయ్యి. ఇక వాడు లేనట్టే. అసలెప్పుడూ లేనట్టే. తనిఖీ కూడా కొన్నాళ్ళు ఆగుదాం, గాలి చల్లబడనీ."

జూనియర్ తిరిగొచ్చి కూర్చుంది. ఈ వ్యక్తిని తొలగించాలా అని కంప్యూటర్ అడిగింది. అవును అని నొక్కింది. కోటు వేసుకున్న ఫొటో మాయమైపోయింది. అంత తేలిగ్గా పోయే మనిషి అన్నాళ్ళు అక్కడ ఎలా కూర్చున్నాడా అనిపించింది. 

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఆవిడ భర్తకి ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే కొట్టుంది. నవ్వులాటల మనిషి.

"ఏమైంది దొరసానికి? ఆఫీసులో ఎవరైనా సీనియర్ అన్నారా ఏంటి?"

మామూలుగా అయితే నవ్వేది. ఆ రోజు ఏడుపొచ్చింది. సంగతంతా చెప్పింది. ఆయన నవ్వడం మానేసి విన్నాడు.

"సరేలే, తలుపు వేసేశావుగా. ఇంకేంటి?"

"దొంగ ఇల్లంతా చూసుకుని బయటికి వెళ్ళాక వేశానండీ."

 పక్కింట్లో ఎవరో నేల కడుగుతున్న మందు వాసనొస్తే జూనియర్ ఉలిక్కిపడి కిటికీ మూసింది. ఆ రాత్రంతా అన్ని వాసనలూ గ్యాసు వాసనల్లాగే తోచాయి.

మర్నాడు గ్రూపులో చడీచప్పుడు లేదు. మాస్టారు రాయలేదు, నర్సమ్మ రాయలేదు. "అందరికీ శుభోదయం" అని జూనియర్ పెట్టిన ముక్కని చూసినవాళ్ళందరూ చూసి ఊరుకున్నారు.  ఆఫీసు వదలగానే రెండు దుప్పట్లు సంచీలో కుక్కుకుని, ఇస్త్రీకి ఇచ్చే వంకతో ఆ వీధికి బయల్దేరింది. ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూనే ఉంది, ఏదీ నోటికి పట్టలేదు.

ఆ వీధిలో ఎప్పుడూ ఒక హోరు ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ కంప్రెసరుది. పగలూ రాత్రీ ఆగదు. అక్కడి జనానికి అది వినబడదు కూడా, మన ఊపిరి మనకి వినబడనట్టే. గోడ పక్కన బండి దగ్గర ఇస్త్రీ అక్క ఎవరిదో చొక్కా పరుచుకుని, కాలరు దగ్గర నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించి లాగుతోంది. జూనియర్ని చూసి పలకరింపుగానైనా నవ్వలేదు. దుప్పట్లు తీసుకుని పక్కన పెట్టింది.

"అక్కా, నీతో ఒక మాట చెప్పాలి," అంది జూనియర్.

"నేనే ఒక మాట అడగాలమ్మా మిమ్మల్ని." ఇస్త్రీ అక్క పెట్టె ఆపలేదు. "మేనేజరు గార్ని ఎందుకు తీసేశారు?"

 అతను ఉన్నట్టు వీళ్ళకి ఎలా తెలుసు? పోయినట్టు ఎలా తెలుసు? అప్పుడు జూనియర్‌కి వెలిగింది. ఫోన్లో తాళంచెవుల పేజీ వేరే ఉండదు, పేర్లన్నీ ఒకేచోట కనిపిస్తాయి. తన ఫోన్లోనూ యాప్ ఉంది గానీ, అక్షరాలు చిన్నవని ఎన్నడూ తెరవలేదు. మొదటి రోజే, తను మాస్టారి ఫోనుతో కుస్తీ పడుతున్నప్పుడే, ఇస్త్రీ అక్క ఆ పేరు చూసింది.

"చూసి కూడా... ఆయన వింటాడని తెలిసి కూడా చెప్పావా అక్కా?"

"ఆయన వింటాడనే చెప్పాను. ఇంటికెళ్ళి మా ఆయనకి చూపించాను. ఆయన చాలాసేపు ఆలోచించి ఏమన్నాడో తెలుసా? ఇంతకాలం మేనేజరు గదిలో మనం ఒక్కళ్ళం నిలబడి చెప్పేవాళ్ళం, ఆయన విననట్టు ఫోను చూసుకునేవాడు. ఇప్పుడు గవర్నమెంటు వాళ్ళు ఆయన్ని మనెదురుగా కూర్చోబెట్టారు. మాస్టారున్నారు, నర్సమ్మ ఉంది, పెద్ద పెద్దోళ్ళున్నారు. అందరి ముందూ విన్నాక ఇక మనల్ని ఏం చేసినా అందరికీ తెలిసిపోతుంది, చెప్పెయ్యి, అన్నాడు. మీరు కావాలని ఆయన్ని రప్పించారనుకున్నామమ్మా. ఎంత గుండె ధైర్యమో ఈ అమ్మకి అనుకున్నాం." పెట్టె పైకెత్తి, చొక్కా తిప్పి పరిచింది. "నిన్న సాయంత్రం చూస్తే పేరు లేదు. మాకు చెప్పలేదు, చెయ్యలేదు. ఆయన అంతా వినేసి లేచి వెళ్ళిపోయాడు. ఇక చూసేవాళ్ళెవరు? ఆ సాయంత్రమే మా ఆయన్ని పిలిచి, గవర్నమెంటు ఆఫీసు వాళ్ళు కూడా మీ చెయ్యి వదిలేశార్రా అని నవ్వాడట."

జూనియర్ బండి అంచు పట్టుకుంది. అంచు వేడిగా ఉంది, అయినా వదల్లేదు.

"ఎవరైనా తనిఖీకి వచ్చి చూసేలోపే, రేపు పొద్దున డ్యూటీ ఎక్కగానే ఆ జాయింటు విప్పి కొత్త గాస్కెట్టు వెయ్యమన్నాడు," అంది ఇస్త్రీ అక్క.

"మెషిను ఆపి, పైపులో గ్యాసంతా లాగేశాకే కదా?"

"ఆపితే సరుకు మెత్తబడిపోతుందట. ముందున్న వాల్వు మూసి విప్పితే చాలన్నాడు. ఆ వాల్వు పూర్తిగా మూసుకోదని ఈయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నీకంత భయమైతే ఫొటో ఎలా తీశావురా అన్నాడట. తోడుండే కుర్రాణ్ణి లోడింగుకి మార్చేశారు. ఉన్న ఒక్క మాస్కూ ఎప్పటిదో, దాని మందు ఎప్పుడో అయిపోయింది."

"వెళ్ళొద్దని చెప్పక్కా!"

"చెప్పనా? కాళ్ళ మీద పడ్డాను. ఈయన వెళ్ళకపోతే గేటు దగ్గర కాచుకున్నవాళ్ళలో ఎవరినో పంపుతారు. వాడికి ఆ వాల్వు సంగతే తెలీదు, పురుగులా మాడిపోతాడు, వాణ్ణి చంపి నేను బతకనా అంటాడు. అలాంటి మనిషితో ఏం చెప్పను?"

ఇక దాచలేకపోయింది జూనియర్. దాచుకుంటే ఊపిరాడేలా లేదు.

"అక్కా, ఆయన్ని నేను కావాలని పెట్టలేదు. పాత గ్రూపులో ఉండిపోయాడు. నేను చూసుకోలేదు. చూశాక భయపడి తీసేశాను. మీకు చెప్పడానికి కూడా భయపడ్డాను."

ఇస్త్రీ అక్క చెయ్యి ఆగిపోయింది. 

"మరి ఆ రోజు అడిగితే నేనే పెట్టానన్నారు కదమ్మా. ఏరి ఏరి పెట్టానన్నారు."

చొక్కా కమురు వాసనొచ్చింది. ఇస్త్రీ అక్క ఉలిక్కిపడి పెట్టె ఎత్తింది. తెల్ల చొక్కా వీపు మీద పెట్టె ఆకారం గోధుమరంగులో దిగిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా కాల్చలేదు ఆవిడ. దాన్ని మడిచి పక్కన పెట్టేసి, ముంగాళ్ళ మీద కూలబడి ఏడ్చింది. జూనియర్ పక్కనే కూర్చుంది. వీపు మీద చెయ్యి వెయ్యడానికి కూడా తనకి మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున్నే జూనియర్ ఆఫీసుకి పోకుండా తిన్నగా ఆ వీధికే పోయింది. పోతూ పెద్దసారికి ఫోను చేసింది. తనిఖీకి ఇప్పుడే రండి సార్ అని బతిమాలింది. "నువ్వు అనవసరంగా కంగారు పడుతున్నావు. ఆఫీసుకి రా, మాట్లాడదాం," అని పెట్టేశారు. ఆవిడ వెళ్ళేసరికి ఆపరేటరు అన్నం డబ్బా చేత్తో పట్టుకుని గేటు వైపు నడుస్తున్నాడు. బక్కపలచని మనిషి. జూనియర్ని చూసి ఆగి దణ్ణం పెట్టాడు. అది చూసి ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"కాసేపు ఆగండి. ఒక్క అరగంట," అంది.

"గేటు మూసేస్తారమ్మా," అని లోపలికి వెళ్ళిపోయాడు. పెళ్ళాం వంక చూడలేదు. చూస్తే కాళ్ళు కదలవని కాబోలు.

సైరను కూసింది. గేటు మూతపడింది. హోరు అలాగే ఉంది.

జూనియర్ బండి పక్కన రాతి మీద కూర్చుని కళ్ళజోడు సరిచేసుకుని ఫోను తీసింది.  ఇప్పుడు తను చెయ్యబోయే పనికి ఉద్యోగం ఊడుతుందని తెలుసు. ఇంటద్దె, కొట్టు మీద చేసిన అప్పు, అన్నీ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి. ఇస్త్రీ అక్క నిప్పులు కూడా రాజెయ్యలేదు. గోడకి చెవి ఆనించి నిలబడింది. ఆ చెవి చూశాక జూనియర్ ఇంకేమీ ఆలోచించలేదు. మేనేజరు పేరు వెతికి పట్టుకుని మళ్ళీ గ్రూపులో చేర్చింది. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. ఆ తర్వాత రాయడం మొదలుపెట్టింది. చిన్న చిన్న అక్షరాలు, తప్పు మీద తప్పు పడుతున్నా ఆగలేదు.

"అందరికీ. మీరంతా జూనియర్ అని పిలిచే మనిషిని నేను. ఈ గ్రూపు తయారుచేసింది నేనే. కోల్డ్ స్టోరేజీ మేనేజరు గారు మొదటి నుంచీ ఇందులో ఉండటం నా తప్పు. ఆయన మీరు చెప్పినవన్నీ విన్నారు. అది చూసి మీకు చెప్పకుండా ఆయన్ని తీసేయడం అంతకంటే పెద్ద తప్పు. ఇప్పుడే మళ్ళీ చేర్చాను. మేనేజరు గారూ, ఇక్కడ అందరి ముందూ అడుగుతున్నాను. కారే జాయింటు విప్పడానికి ఇప్పుడు మనిషిని లోపలికి పంపారు. మెషిను ఆపారా? పైపులో గ్యాసు ఖాళీ చేశారా? అతనికి మంచి మాస్కు ఇచ్చారా? తోడు ఎవరున్నారు? నేను మీ గేటు బయటే ఉన్నాను."

పంపేసింది. 

మాస్టారు చూశారు. నర్సమ్మ చూసింది. హెడ్డాఫీసు వాళ్ళు చూశారు. మేనేజరు చూశాడు. చూసి ఏమీ రాయలేదు.

"మేనేజరు గారూ, మాస్కు మీద తేదీ కనిపించేలా ఫొటో పెట్టండి. వేచి ఉన్నాము," అని మాస్టారు రాశారు.

"క్లినిక్కులో మంచం ఖాళీ చేసి ఉంచనా, అవసరం లేదా? ఒక్క మాట చెప్పండి," అని నర్సమ్మ రాసింది.

అంతవరకూ నోరెత్తని వీధివాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు అదే మాట అడిగారు. మెషిను ఆపారా? మెషిను ఆపారా? జూనియర్ ఫోను మోగింది. పెద్దసారు.

"నీకు మతి గానీ పోయిందా! ఏం రాశావో తెలుస్తోందా? నిన్నూ నన్నూ కలిపి నడిబజార్లో నిలబెట్టావు కదే!" ఆయన ఆవిణ్ణి అంతకుముందెప్పుడూ 'కదే' అని అనలేదు.

"తెలుసు సార్. ఏం శిక్ష వేస్తారో వెయ్యండి, సంతకం పెడతాను. మీరు కూడా ఒక్క ముక్క రాయండి సార్. మీ పేరు చూస్తే ఆపుతాడు. మనిషి లోపలున్నాడు సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన ఫోను పెట్టేశారు. కాసేపటికి గ్రూపులో పెద్దసారి పేరుతో ఒకటే వాక్యం పడింది. "యంత్రమును నిలిపి, గ్యాసు పూర్తిగా తొలగించిన పిదపనే మరమ్మతు చేయవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది." తనని తాను కాపాడుకోవడానికే రాసి ఉంటారు. రాశారు, అంతే చాలు.

అప్పుడు హోరు ఆగిపోయింది.

ఒక్కసారిగా వీధంతా చెవులు గళ్ళుపడినట్టు నిశ్శబ్దమైపోయింది. ఎక్కడో మూలనున్న కుళాయి చుక్కలు కూడా వినబడ్డాయి. ఎవరో తలుపు తీసుకుని బయటికొచ్చి ఏమైందన్నట్టు చూశారు. ఇస్త్రీ అక్క గోడకి ఆనించిన చెవి తీసింది. మెషిను వాళ్ళు ఆపారా, లేక లోపల ఏదైనా జరిగి ఆగిపోయిందా? ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.  జూనియర్ గాలి పీల్చి వాసన చూసింది. ఇస్త్రీ అక్క కూడా పీల్చింది. ముక్కు మండుతుందేమోనని మళ్ళీ మళ్ళీ పీల్చారు. ఇస్త్రీ అక్క చెయ్యి వచ్చి జూనియర్ మణికట్టు పట్టుకుంది. ఆ గట్టి వేళ్ళు ఎముకలోకి దిగుతున్నా జూనియర్ కదల్లేదు. గేటు వంకే చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపో ఎవరికి తెలుసు, జూనియర్‌కి మాత్రం ఒక జన్మంత అనిపించింది.

గేటులో చిన్న తలుపు కిర్రుమంది. ఆపరేటరు బయటికొచ్చాడు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది, చేతిలో విప్పే పానా అలాగే ఉంది. ఇస్త్రీ అక్క ఒక్క ఉదుటున పోయి అతని భుజాలు, మొహం, చేతులు తడిమి చూసింది. ఉన్నాడా, అంతా ఉన్నాడా అన్నట్టు.

"ఊరుకో, ఊరుకో. బాగానే ఉన్నాను," అన్నాడు.  "రెండు బోల్టులు విప్పేశాను. మూడోదానికి పానా వేశాను. అంతలో మేనేజరు గారు పరిగెత్తుకుంటూ వచ్చి, ఆగరా ఆగరా అని కేకేశాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. మెషిను ఆపించాడు. గ్యాసు లాగేదాకా ఎవర్నీ లోపలికి పోవద్దన్నాడు."

ఇస్త్రీ అక్క బండి చక్రాన్ని ఆనుకుని కూలబడి నీళ్ళు తాగింది. మొగుడికి ఇవ్వడం కూడా మర్చిపోయి చెంబెడూ తనే తాగేసింది. అది చూసి అతను నవ్వాడు. జూనియర్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సంచీలో ఫోను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. పెద్దసారే అయ్యుంటారు. పోయి సంతకం పెట్టాల్సింది పెట్టాలి, భయం వేస్తూనే ఉంది. అయినా లేచి వెళ్ళబుద్ధి కాలేదు.

"రేపేం చేస్తాడోనండీ," అంది ఇస్త్రీ అక్క మొగుడితో. "గ్యాసు లాగేస్తాడు సరే, గాస్కెట్టు వేయిస్తాడు సరే. తర్వాత మిమ్మల్ని ఊరికే వదులుతాడా?"

అతను జూనియర్ వైపు తిరిగాడు.

"మేనేజరు గారి పేరు ఉందామ్మా అందులో?"

"ఉంది."

"మళ్ళీ తీసెయ్యరు కదా?"

"నేను తియ్యను. నన్ను తీసేస్తే, తీసినవాళ్ళ పేరు కూడా మీ ఫోన్లో కనిపిస్తుంది," అంది జూనియర్.

అతను పానా బండి మీద పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకుని, పెళ్ళాం ఫోను అడిగి తీసుకున్నాడు. ఇంతవరకూ అతను చెప్పాల్సినవన్నీ ఆవిడ గొంతుతోనే చెప్పించాడు. ఎక్కడ నొక్కాలని అడిగితే ఇస్త్రీ అక్క చూపించింది. నోటి దగ్గర పెట్టుకుని ఒకసారి దగ్గాడు.

"మేనేజరు గారూ, నేనండీ, ఆపరేటర్ని," అన్నాడు. "ఆ వాల్వు కూడా మార్చాలండీ."